వెనక మూత లోపల రాయని పేరు

రెండు నెలల కిందట ఒక ఆదివారం ఉదయం హేమలత అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. తిరుపతి పిల్లే. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో తయారైన సరుకును పరీక్ష చేసే ఉద్యోగం. రోజూ కంపెనీ బస్సులో పోయి వస్తుంది. ఆరోజు చేతిలో ఒక పెట్టె తెచ్చింది. గడియారాలు బాగుచేయడం కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమని అమ్మే పెట్టె. ఫోనులో ఆర్డరు చేసి తెప్పించుకుందట.

“నలభై రకాలుండాయి సార్. వీటిల్లో ఏవి నిజంగా కావాల, ఏవి లెక్క నింపడానికి ఇచ్చినారో చెప్పండి,” అంది.

ముప్పై వస్తువులు పక్కకు తోసేశాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. మిగిలిన పదిలో నాలుగు మంచివి కావు, మార్చుకోమన్నాను. అప్పుడు నవ్వింది. “అయితే ఈ పెట్టెలో బాగుండేది పెట్టె ఒకటే అంటారా?”

ఆ తర్వాత ఆమె స్నేహితులు కూడా ఒకరిద్దరు అడిగారు. అందరూ వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. నేను ముప్పై ఎనిమిదేళ్ళు తలవంచుకుని చేసిన పనిని వీళ్ళు సెలవు రోజున సరదాకు చేస్తామంటున్నారు. ఏ పనిముట్లు కావాలో వాళ్ళకు ఒక పట్టీ రాసిస్తానని ఒప్పుకున్నాను. అదే ఇది. ఇందులో చివరి వస్తువు ఒక సూది. అది ఆ పెట్టెలో లేదు. దాన్ని నేను వాడనందువల్ల, నాకు పని నేర్పిన మనిషి పేరు నాశనమైంది. ఆ సంగతి కూడా రాయకపోతే ఈ పట్టీ అబద్ధం అవుతుంది.

ముందు మునిరత్నం గారి గురించి

మాది చిత్తూరు దగ్గర ఒకప్పుడు పేరున్న కుటుంబం. మా తాతగారి హయాంలో ఇంట్లో పదకొండు గోడగడియారాలు ఉండేవట. నేను పుట్టేసరికి నాలుగు మిగిలాయి. వాటిని చూడటానికి చిత్తూరు నుంచి నెలకొకసారి మునిరత్నం గారు సైకిలు మీద వచ్చేవారు. వరండా కింది మెట్టు మీద గుడ్డ పరుచుకుని పని చేసేవారు. పై మెట్టు ఎక్కమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. నేను పై మెట్టు మీద కూర్చుని చూసేవాడిని. నన్ను ‘సిన్నదొరా’ అని పిలిచేవారు. నేను ఆయన్ను పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాడిని. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవారు.

తర్వాత ఆ నాలుగు గడియారాలూ పోయాయి, వరండా కూడా పోయింది. చదువు అబ్బలేదు. ఇరవై రెండేళ్ళప్పుడు చిత్తూరు వెళ్ళి ఆయన కొట్టు ముందు నిలబడ్డాను. ఏం కావాలని ఆయన అడగలేదు. ముక్కాలిపీట ఒకటి జరిపి, “కూసో సిన్నదొరా,” అన్నారు. నాలుగేళ్ళు అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు ఆయన్ను ‘గారు’ అని రాస్తున్నాను. ఆయన బతికి ఉండగా ఒక్కసారి కూడా అనలేదు. పని నేర్చుకునే రోజుల్లోనూ “ఏం మునిరత్నం, ఇది సరిపోతుందా చూడు,” అనేవాడిని. ఆయన చూసేవారు. కొట్టుకు వచ్చే వకీళ్ళు వింతగా నా వైపు చూసేవారు. అది నా గౌరవమనుకున్నాను.

స్క్రూడ్రైవర్లు, సానరాయి

మొదలుపెట్టేవాళ్ళకు ఐదు స్క్రూడ్రైవర్లు చాలు. మంచి ఉక్కువి కొనండి. హేమలత పెట్టెలో వచ్చినవి మెత్తని ఇనుము, నాలుగు మరలకే మొన తిరిగిపోతుంది. కానీ ఎంత మంచిది కొన్నా సానరాయి లేకపోతే దండగ. మొన వెడల్పు మర తల మీది గాడికి సరిగ్గా సరిపోవాలి. సన్నగా ఉంటే గాడిని చెక్కేస్తుంది, వెడల్పయితే చుట్టూ ఉన్న లోహాన్ని గీరుతుంది, గుండ్రబడితే జారుతుంది. జారిన స్క్రూడ్రైవర్ ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

మునిరత్నం గారు రోజూ కొట్టు తెరవగానే దీపం పెట్టి, ఐదు స్క్రూడ్రైవర్లనూ సానరాయి మీద రెండు చుక్కల నూనె వేసి పదును పెట్టేవారు. ఆ తర్వాతే మొదటి గడియారం ముట్టుకునేవారు. నాకు ఆ పని నచ్చేది కాదు. వీధుల్లో కత్తులకు సాన పట్టేవాడి పనిలా అనిపించేది. మా ఇంట్లో పుట్టినవాడు అది చేయడమేమిటని, వారానికొకసారి ఆయన కొట్టులో లేనప్పుడు చేసేవాడిని. ఆయనకు తెలుసు. మొన చూస్తే తెలిసిపోతుంది.

“సిన్నదొరా, నీ సేతిలో ఉండేది గరిట కాదబ్బా,” అన్నారు ఒకరోజు. అంతకన్నా ఏమీ అనలేదు. నన్ను గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆయన మా వరండా మెట్టు మీద కూర్చున్న మనిషి. నన్ను తిట్టడం ఆయనకు రాలేదు. ఆ అలుసు నేను తీసుకున్నాను.

ట్వీజర్, గాజుమూత, గాలిబుడ్డి, నూనె

ట్వీజర్లు రెండు. ఒకటి మామూలు పనికి, ఒకటి సన్న మొనది. అయస్కాంతానికి అంటుకోనివి తీసుకోండి. పట్టు గట్టిగా బిగిస్తే వస్తువు ఎగిరిపోతుంది. నేను కొత్తలో ఒక వకీలు గడియారంలో ఆవగింజంత స్ప్రింగు ఎగరగొట్టాను. ఇద్దరం మోకాళ్ళ మీద కొట్టంతా వెతికాం. వకీలు కూడా నల్లకోటు విప్పి కిందికి వంగాడు. గంట తర్వాత అది మునిరత్నం గారి మీసంలో దొరికింది. ఆయన నవ్వుతూ ఉంటే నేను ట్వీజర్‌తో తీశాను. ఆ నాలుగేళ్ళలో నేను మనస్ఫూర్తిగా నవ్విన రోజు అదొక్కటే.

విప్పిన భాగాల మీద బోర్లించడానికి ఒక గాజుమూత ఉండాలి. లేకపోతే మంచి గాజుగ్లాసు వాడండి. దుమ్ము ఊదడానికి రబ్బరు గాలిబుడ్డి కొనండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడితే వారం రోజుల్లో తుప్పు. మెషీను కదలకుండా పట్టుకునే చట్రం ఒకటి. వెనక మూత తీయడానికి మరతిప్పు ఒకటి, అంచు మొన కత్తి ఒకటి. భాగాలు విడివిడిగా వేసుకోవడానికి గళ్ళున్న పళ్ళెం. కడగడానికి శుద్ధమైన పెట్రోలు, మెత్తని కుంచె. పెట్రోలు తీసినప్పుడు కిటికీ తెరిచి పెట్టండి, దీపం, అగరువత్తి దగ్గర ఉండకూడదు.

నూనె గడియారాలదే కొనాలి, కుట్టుమిషనుది కాదు. ఎంత వేయాలంటే, కంటికి కనబడిందంటే ఎక్కువైనట్టే. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో సగం నూనె ఎక్కువ పోయడమే. ఎండిపోయిన గడియారాన్ని మళ్ళీ నడిపించవచ్చు, నూనెలో మునిగినదాన్ని మొదటినుంచీ కడగాలి.

ఐగ్లాసు

కంటికి బిగించుకునే భూతద్దాన్ని మేము ఐగ్లాసు అంటాం. ఇది లేనిదే మిగతావన్నీ ఉన్నా లేనట్టే. ఐదు రెట్లు పెద్దదిగా చూపించేది మొదటికి చాలు. కంటి ఎముకకు ఒత్తుకుని అదే నిలబడాలి, చేత్తో పట్టుకోకూడదు. ఒకసారి పెట్టుకుంటే, ఎవరు పిలిచినా చేతిలో ఉన్నది కింద పెట్టేవరకు తీయకూడదు. ఈ చివరి మాట పుస్తకాల్లో ఉండకపోవచ్చు. నా తప్పు నుంచి చెబుతున్నాను.

చిత్తూరు వదిలి తిరుపతిలో సొంతంగా కూర్చున్నాను. ఒక బట్టల కొట్టు అరుగు మీద అద్దాల బల్ల, ఒక కుర్చీ. తిరుపతిలో కొట్టు పెట్టుకున్న మాలాంటివాళ్ళకు ఒక కష్టం ఉంది. బంధువులు ఎంత దూరాన ఉన్నా, ఏదో ఒక రోజు కొండకు వస్తారు. దిగినాక ఆ వీధిలోనే నడుస్తారు. నేను రోడ్డు పక్కన కంటికి అద్దం బిగించుకుని కూర్చున్నట్టు మావాళ్ళకు తెలియదు. ‘తిరుపతిలో వ్యాపారం’ అని మాత్రం చెప్పుకున్నాం. అందుకని తెలిసిన గొంతు వినబడితే చాలు, ఐగ్లాసు లాగి సొరుగులో వేసి, పేపరు చేతిలోకి తీసుకునేవాడిని. అది నాకు బాగా అలవాటైపోయింది. పనిలో రాని చురుకు అందులో వచ్చింది.

ఒకరోజు శ్రీనివాసాచార్యులు గారు తమ గడియారం ఇచ్చారు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళది గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు జిల్లా అంతటా ఉన్నారు, చిత్తూరు కోర్టులో వకీళ్ళు చాలామంది ఆయన శిష్యులే. ఆ గడియారం ఆయన తండ్రిగారిది, విదేశీ తయారీ, రోజూ కీ ఇచ్చేది. బాగానే నడుస్తోంది, శుభ్రం చేస్తే చాలు.

వెనక మూత తీశాను. లోపలి వైపు సూదితో గీసిన అక్షరం ఉంది. ‘ము’. పక్కన నెల, సంవత్సరం, ఒక నిలువు గీత. అప్పటికి నాలుగేళ్ళ కిందటిది.

ఆ గీత సంగతి కింద చెబుతాను. అప్పటికి నేను దాన్ని చూసి మూత పక్కన పెట్టాను.

గడియారానికి ప్రాణం బ్యాలెన్సు చక్రం. అటూ ఇటూ ఊగే చిన్న చక్రం, దానికి వెంట్రుకంత సన్నని స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే మర విప్పుతున్నాను. స్క్రూడ్రైవర్‌కు ఆ వారం పదును పెట్టలేదు. ఇంతలో వీధిలోంచి మా మేనమామ గొంతు, “ఎవరబ్బా అది, మన గోపాలుడేనా?”

నా ఎడమచెయ్యి ఐగ్లాసు మీదికి పోయింది. కుడిచేతిలో స్క్రూడ్రైవర్ గాడి దాటి జారింది. మెత్తగా ఏదో కుంగినట్టు వేలికి తెలిసింది. శబ్దం కూడా లేదు.

మామ గుండు మీద చందనం పూసుకుని, భార్యాబిడ్డలతో అరుగు ముందు నిలబడ్డాడు. “ఏందిరా ఈడ కూర్చున్నావు?”

“గడియారం ఇచ్చినాను మామా. ఆ పనోడు టీకి పొయినాడు. వచ్చేదాకా కూర్చోమన్నాడు.”

“నువ్వు కూర్చున్న కుర్చీ వాడిదేనా? మర్యాదగల పనోడే!” అని నవ్వాడు. “ఈ వాచీలోళ్ళను నమ్మొద్దురోయ్, లోపలి సామాను మార్చేస్తారు. కళ్ళు పెట్టుకుని చూడు.”

“చూస్తానే ఉండాను,” అన్నాను.

వాళ్ళు వెళ్ళాక ఐగ్లాసు పెట్టుకుని చూశాను. చక్రం ఇరుసు మొన విరిగింది. స్ప్రింగు నలిగి ముద్దయింది. ఆ తయారీకి విడిభాగాలు ఎక్కడా దొరికేవి కావు.

సాయంత్రం ఆచార్యులు గారు వచ్చారు. ఆయన వీధి మలుపు తిరిగేవరకు నిజమే చెప్పాలనుకున్నానని రాస్తే బాగుంటుంది. కానీ అనుకోలేదు. మధ్యాహ్నం నుంచీ వెతుకుతున్నది చెప్పడానికి వీలైన ఒక మాట. అది బల్ల మీదే దొరికింది. వెనక మూత ఆయనకు చూపించాను.

“ఇంతకుముందు ఎవరి దగ్గర చేయించినారు స్వామీ?”

“చిత్తూరులో మునిరత్నం. ఏం?”

“లోపల ఇరుసు అప్పుడే దెబ్బతినింది. ఏదో అతికించి పంపించినాడు. నేను విప్పేసరికి ఊడిపోయింది.”

ఆయన చాలాసేపు ఆ మూతను చూశారు. “మునిరత్నమా?” అన్నారు. “అట్లాంటి మనిషి కాదే.”

“పేరు ఉండాది చూడండి,” అన్నాను.

సూది

మా పనిలో ఒక ఆచారం ఉంది. గడియారం విప్పి పని చేసినవాడు వెనక మూత లోపలి వైపు సూదిమొనతో తన గుర్తు గీస్తాడు. యజమానికి కనబడదు. మళ్ళీ విప్పే పనివాడికి మాత్రమే కనబడుతుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అనే రెండు సంగతులు చాలామంది గీస్తారు. మునిరత్నం గారు ఏం చేశారో కూడా గీసేవారు. ఒక నిలువు గీత అంటే శుభ్రం చేశాను, అంతకుమించి ముట్టుకోలేదు అని. రెండు గీతలు అంటే ముఖ్యమైన స్ప్రింగు మార్చాను అని. మూడు గీతలు అంటే చక్రం, ఇరుసు దాకా వెళ్ళాను అని.

ఒక గీత. ఆయన ఇరుసు ముట్టుకోలేదని మూత మీదే రాసి ఉంది. చదవగలిగినవాడిని తిరుపతిలో నేనొక్కడినే. ఆ మూతనే సాక్ష్యంగా చూపించాను.

నేను నేర్చుకునే రోజుల్లో ఆయన్ను ఒకసారి అడిగాను, “పని చేస్తే గీతలు సరే. మనమే ఏదైనా పాడు చేస్తే ఏం గుర్తు మునిరత్నం?”

“దానికి గుర్తెందుకు దొరా? పని సేస్తే ఒక అచ్చరం సాలు. పాడు సేస్తే పేరు మొత్తం రాయాల.” అని ఒక పాత మూత తీసి చూపించారు. అందులో తన పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరుతో సహా గుండ్రని అక్షరాలతో గీసి ఉంది. అట్లాంటివి తన జీవితంలో రెండే ఉన్నాయన్నారు. రెండు గడియారాల యజమానులూ తర్వాత కూడా ఆయన దగ్గరికే వచ్చారట.

నా గుర్తు ఏదని మీరు అడగవచ్చు. నాకు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క మూత లోపల కూడా నేను ఏమీ గీయలేదు. మా ఇంటిపేరు ఊరివాళ్ళందరి మణికట్ల చెమట కింద ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. దాన్ని ఆత్మగౌరవం అనుకున్నాను. గుర్తు పెట్టనివాడు ఎప్పటికీ దొరకడు. నిజానికి నాకు కావలసింది అది.

రెండు మాటలు, ఒక బస్సు

ఆచార్యులు గారు చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. కానీ తండ్రిగారి గడియారం కాబట్టి ఆగిపోయినా చేతికి పెట్టుకునే తిరిగారు. ఎవరైనా టైమెంతయ్యిందని అడిగితే మణికట్టు చూపించి, “ఇది నడవదు నాయనా. చిత్తూరు మునిరత్నం చేతిలో పడి పోయింది,” అనేవారు. ఏళ్ళ తరబడి అన్నారు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, శిష్యుల ఇళ్ళలో. అయ్యవారి నోట వచ్చిన మాట కాబట్టి వకీళ్ళు నమ్మారు.

నా కొట్టుకు పని పెరిగింది. “దాచకుండా చెప్పే మనిషి” అని ఆయనే మనుషులను పంపేవారు.

ఏడాది తర్వాత మునిరత్నం గారు తిరుపతి వచ్చారు. అరుగు మీద గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. లోపలికి రమ్మని నేను అనలేదు. మా ఇంటి వరండాలాగే.

“అయ్యవారి వాచీ సూడాలని వచ్చినా,” అన్నారు.

“నా దగ్గర లేదు. ఆయన తీసుకుపోయినాడు.”

“ఆయన ఇంటికి పొయ్యే వస్తా ఉండా. మూత తీసి సూపించినాడు. ఒక గీత ఉండాది. నేను సేసింది నేను రాసుకున్నా. నువ్వు సేసింది యాడ రాసినావు సిన్నదొరా?”

నేను బల్ల మీద గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

“ఆయనకు చెప్పినావా?” అన్నాను చివరికి.

“ఏమని సెప్పేది? నా పేరు కాపాడుకోవాలంటే నీ పేరు తియ్యాల. పని నేర్పించినోడిని నేనే గదా.” లేచి నిలబడి, అలవాటుగా నా స్క్రూడ్రైవర్ ఒకటి తీసి మొన చూశారు. మళ్ళీ పెట్టేశారు. “దీనికి సాన పట్టు,” అని వెళ్ళిపోయారు.

తర్వాత రెండేళ్ళకు ఆయన కొట్టు మూసేశారని విన్నాను. బ్యాటరీ గడియారాలు వచ్చి అందరికీ పని తగ్గిందని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజమే. ఆ కొంత నిజాన్ని చాలా ఏళ్ళు అడ్డం పెట్టుకున్నాను.

ఒకసారి బస్సులో రేణిగుంట మీదుగా పోతుంటే, రోడ్డు పక్కన ఒక గోదాము గేటు దగ్గర బస్సు ఆగింది. కాపలావాడి ఖాకీ చొక్కాలో మునిరత్నం గారు నిలబడి లారీల చీటీలు చూస్తున్నారు. జిల్లాలో అంత నెమ్మదైన చేతులు ఇంకొకరికి లేవు. ఆ చేతులతో గేటు గొలుసు లాగి పట్టుకున్నారు. బస్సు కిటికీ వైపు చూశారు. నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు. కావాలంటే నేను దిగి ఉండవచ్చు. బస్సు చాలాసేపు ఆగింది. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను, మా మామకు భయపడిన రోజుల్లోలాగే.

ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

హేమలత తెచ్చిన గడియారం

నాలుగో ఆదివారం హేమలత ఒక చిన్న డబ్బా తెచ్చింది. స్క్రూడ్రైవర్లకు పదును పెట్టడం అప్పటికి బాగా వచ్చింది. రోజూ ఉద్యోగంలో సరుకును పరీక్షగా చూసే పనే కాబట్టి ఆమె చూపు నాకన్నా నిదానం.

“ఇన్నాళ్ళూ పాత వాచీల మీద చేయించినారు గదా సార్. ఇప్పుడు అసలుది తెచ్చినా. నేను ఈ పని నేర్చుకునేది దీని కోసమే. మా తాతది.”

డబ్బా తెరిచింది. ఆచార్యులు గారి గడియారం. గుర్తుపట్టడానికి నాకు మూత తీయాల్సిన పని లేకపోయింది.

“ఇదే మోడలుది పాడైన మెషీను ఒకటి ఆన్‌లైన్‌లో దొరికింది. దానిలో ఇరుసు, స్ప్రింగు బాగుండాయంట. మార్చొచ్చు గదా? మా తాత మీ గురించి ఎంత చెప్పేవాడో. దీని తప్పు కనిపెట్టింది మీరే అని. అందుకే మీ దగ్గరికి వచ్చినా,” అంది.

మొదటిరోజు నుంచి ఆ పిల్ల నా ముందు కూర్చున్నది నా అబద్ధాన్ని నమ్మి అన్నమాట.

“నువ్వే విప్పమ్మా,” అన్నాను.

ఐగ్లాసు పెట్టుకుంది. అంచు మొన కత్తితో మూత శుభ్రంగా లేపింది, ఒక్క గీరు కూడా పడలేదు. తిప్పి చూసింది. “‘ము’ అని ఉండాది. ఇతనే గదా సార్ పాడు చేసినోడు? పాడు చేసి పేరు కూడా రాసుకున్నాడు చూడండి, ఏం ధైర్యం!”

“ఆ పక్కన గీతలు ఎన్ని ఉన్నాయి?”

“ఒకటి.”

ఒక గీతకు అర్థమేమిటో చెప్పాను. మూడు గీతలకు అర్థమేమిటో చెప్పాను. ఆ అమ్మాయి తెలివైనది. ఐగ్లాసు తీయకుండానే తల ఎత్తింది.

“అయితే ఇరుసు ఆయన ముట్టుకోలేదు.”

“లేదు.”

“మరి ఎవరు?”

“నేను,” అన్నాను. మామ సంగతి, టీకి పోయిన పనివాడి సంగతి, పాడు చేస్తే పేరు మొత్తం రాయాలన్న మునిరత్నం గారి మాట, అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ మెషీను వైపే చూశాను. నా గొంతులో ఆ పాత పెద్దింటి బిగువు అలాగే ఉంది. దాన్ని దించడం నాకు చేతకాలేదు.

ఆమె మెషీను మీద గాజుమూత బోర్లించింది. ఐగ్లాసు అప్పుడు తీసింది. కన్ను చుట్టూ గుండ్రంగా ఎర్రటి గుర్తు పడింది.

“మా తాత పోయేదాకా అందరికీ ఆయన పేరే చెప్పినాడు సార్. మా నాయన ఇప్పటికీ చెప్తాడు. నేనూ చెప్పినా, ఆఫీసులో.”

“తెలుసమ్మా.”

“ఆయన వాళ్ళు ఎవరన్నా ఉండారా?”

“భార్య ఉందని విన్నాను. చిత్తూరులో.”

“ఎప్పుడన్నా పొయినారా?”

లేదన్నాను. అప్పటికి నాకు ఒక ఆశ మిగిలే ఉంది. కోపంతో గడియారం తీసుకుని వెళ్ళిపోతుందని. అట్లా పోతే ఇంకెవరికీ చెప్పనక్కరలేదు. ఈ వయసులో కూడా మనసు ఆ మూలకే వెతుక్కుంటూ పోయింది.

ఆమె వెళ్ళలేదు. “గడియారం నేనే చేస్తా. మీరు చెప్పండి, ముట్టుకోవద్దు,” అంది. అంతవరకు నన్ను ఎవరూ నా బల్ల దగ్గర అట్లా అనలేదు. సరేనన్నాను. తర్వాత వెనక మూతను గుడ్డ మీద బోర్లా పెట్టి నా వైపు జరిపింది. “పాడు చేస్తే పేరు మొత్తం రాయాల అన్నాడు గదా ఆయన. రాయండి. మా నాయనకు ఇది చూపించాల. చిత్తూరులో ఆమెకూ చూపించాల. ఇద్దరం పోదాం.”

“సూది లేదమ్మా,” అన్నాను. అది నిజం. అన్ని పనిముట్లున్న నా బల్ల మీద అది ఒక్కటీ లేదు.

హేమలత లోపలికి వెళ్ళి మా ఆవిడను అడిగి కుట్టుపెట్టెలోంచి సూది తెచ్చింది. ఒక బెత్తెడు పుల్లకు బిగించి, మొన సానరాయి మీద రెండుసార్లు రాసి, నా చేతికిచ్చింది. వీధి తలుపు తెరిచే ఉంది. మనుషులు పోతున్నారు. ఐగ్లాసు పెట్టుకున్నాను.

‘ము’ కింద కొంచెం ఖాళీ ఉంది. మొదట ఇంటిపేరు గీశాను. కొండగుంట. తర్వాత గోపాలనాయుడు. తర్వాత మా నాయన పేరు, ఊరు. గడియారం పాడు చేసిన రోజు తేదీ నేను మరిచిపోలేదు, అది కూడా గీశాను. మధ్యలో వీధిలోంచి ఎవరో “ఏం సార్, ఇంకా పని చేస్తానే ఉండారా?” అని పలకరించారు. ఐగ్లాసు తీయలేదు. “చేస్తానే ఉండా,” అన్నాను.

హేమలత మూత తీసుకుని వెలుతురుకు పట్టి, పైనుంచి కిందికి నెమ్మదిగా చదివింది.

“అక్షరాలు వంకర పొయినాయి సార్.”

“మొదటిసారి గదా,” అన్నాను. “నువ్వు నేర్చుకునేటప్పుడు నావి చూడొద్దు. పైన ఉన్నది చూసి నేర్చుకో.”